‘కొరత లేదు’ అని నోటీసు అంటించిన రోజునే మా స్టోరు ఖాళీ అయింది

అడిగిన ప్రశ్న ఇది: దేనికైనా కొరత వచ్చినప్పుడు పైవాళ్లు ‘కొరత లేదు’ అనే ఎందుకు అంటారు, ఉన్నది ఉన్నట్టు చెబితే వచ్చే నష్టం ఏమిటి?

నేను ఇరవై ఆరేళ్లు ఒక పెద్ద ఆసుపత్రి మందుల స్టోరులో పనిచేశాను. చివరి తొమ్మిదేళ్లు స్టోరు బాధ్యత నాదే. అందుకని పరిపాలనా శాస్త్రం చదివినవాళ్లు చెప్పే జవాబు నా దగ్గర లేదు, స్టోరు తాళంచెవులు మోసిన మనిషి జవాబు ఉంది. మీరు అడుగుతున్న ఆ ప్రకటనను ఒకసారి నేనే రాశాను. రాసింది ఉదయం పది గంటలకు. సాయంత్రం అయిదున్నరకల్లా స్టోరులో సెలైన్ సీసా ఒక్కటి మిగలలేదు.

ఆ వారం రావలసిన లారీ రాలేదు. స్టోరులో ఉన్న సీసాలు 1,240. మామూలు వాడకం రోజుకు 110 దాకా ఉంటుంది. అంటే పదకొండు రోజులకు సరిపడా ఉంది. మా పనిలో పదకొండు రోజుల నిల్వ అంటే గుండెలు బాదుకోవలసినంత తక్కువేమీ కాదు, అలాగని నిశ్చింతగా కూర్చోగలిగేదీ కాదు. సరఫరాదారుకు ఫోను చేస్తే “దారిలో ఉంది మేడమ్” అన్నాడు. నా సర్వీసు మొత్తంలో ఆ దారి ఎక్కడుందో నాకు తెలియలేదు. దాని మీద ఎన్ని లారీలు ఎన్నాళ్లుగా ఉన్నాయో లెక్కలేదు.

ఈ లోపల ఎవరో రోగి బంధువు ఒక విలేకరి చెవిన వేశాడు. విలేకరి సూపరింటెండెంటు గారికి ఫోను చేశాడు. ఆయన నన్ను పిలిచి, “కొరత లేదని స్పష్టంగా తెలిసేలా ఒక నోటు రాసుకురండి” అన్నారు. నేను రాసుకెళ్లింది రెండే వాక్యాలు. సెలైన్ పదకొండు రోజులకు సరిపడా ఉంది. తరువాతి లోడు రావలసి ఉంది.

ఆయన చదివి, ‘పదకొండు రోజులు’ అన్న చోట ఎర్ర సిరాతో గీత పెట్టారు. “అంకె ఎందుకమ్మా? ఇవాళ పదకొండు అంటే రేపు పదే ఉన్నాయని రాస్తారు, ఎల్లుండి తొమ్మిదంటారు. రోజూ దానికి జవాబు చెప్పుకోవడంతోనే సరిపోతుంది మనకు.” రెండో వాక్యం మొత్తం కొట్టేశారు. “రావలసి ఉంది అంటే రాలేదనే కదా అర్థం?” చివరికి నోటీసు బోర్డు మీదికి ఎక్కింది ఇది: ‘ఆసుపత్రిలో సెలైన్‌కు ఎలాంటి కొరతా లేదు. రోగులు, వారి బంధువులు ఆందోళన చెందవలసిన అవసరం లేదు. వదంతులను నమ్మవద్దు.’

ఆయన చెడ్డ మనిషి కాదు. రాత్రి రెండు గంటలకు పిలిచినా వచ్చే డాక్టరు. ఆ కుర్చీలో కూర్చున్నవాళ్లందరూ అలాగే రాస్తారు, అంతే.

పావుగంట తిరగకముందే సర్జికల్ వార్డు ఇండెంటు, అంటే స్టోరు నుంచి సరుకు కోరుతూ రాసే చీటీ, వచ్చింది. రోజూ పాతిక రాసేవాళ్లు అరవై రాశారు. తెచ్చిన వార్డుబాయ్‌ని ఎందుకింత అని అడిగాను. “సెలైన్‌కు కొరత లేదని నోటీసు పెట్టారట కదా మేడమ్, రెండింతలు రాయమన్నారు సిస్టర్” అన్నాడు. నాకు నవ్వొచ్చింది. పదో ఇండెంటు వచ్చేసరికి నవ్వు పోయింది. ఎప్పుడూ సెలైన్ అడగని చర్మవ్యాధుల విభాగం వాళ్లు కూడా నలభై సీసాలు రాశారు. డాక్టరు సంతకం ఉన్న ఇండెంటును తిప్పి పంపే అధికారం నాకు లేదు. కోత పెడదామా అంటే, కొరత లేదని రాసిన చేతితో కోత ఎలా పెట్టను? మీ ప్రశ్నకు సగం జవాబు ఇక్కడే ఉంది. లేదని ఒకసారి అన్నాక పొదుపు చేయమని అడిగే నోరు కూడా పోతుంది.

సాయంత్రం స్టాకు రిజిస్టరులో ‘నిల్’ అని రాసి, నేనూ మా అటెండరూ వార్డుల మీద పడ్డాం. సీసాలు ఎక్కడెక్కడ దొరికాయో చెబితే నమ్మరు. మంచాల కింద, ఈసీజీ మిషను వెనక, డ్యూటీ డాక్టర్ల గదిలో బీరువా పైన. ప్రసూతి వార్డులో ఒక నర్సు సెలైన్ పెట్టె మీద దుప్పటి పరిచి, దాని మీదే కూర్చుని కేస్‌షీట్లు రాసుకుంటోంది. ఆ రోజు వాడినవి 109. లెక్క ప్రకారం 1,131 ఉండాలి, మేము లెక్కపెట్టినవి 1,113. పద్దెనిమిది తేడా వచ్చింది గానీ ఆ రాత్రి దాని గురించి ఆలోచించే ఓపిక లేదు. ఎందుకంటే క్యాజువాలిటీలో నాలుగే ఉన్నాయి. వాళ్లకు దాచుకోవడానికి బీరువాలు లేవు, ఎప్పటికప్పుడు వచ్చి తీసుకెళ్లేవాళ్లు. ఆసుపత్రిలో వెయ్యికి పైగా సీసాలుండగా ప్రమాదంలో రక్తం కారుతూ వచ్చినవాడికి నాలుగు. అదీ ఆ పూటకు మా ‘ఎలాంటి కొరతా లేదు’.

ఇది మా ఒక్క ఆసుపత్రి తెలివితక్కువతనం అని చాలాకాలం అనుకున్నాను. తరువాత చదివితే, పెద్ద పెద్ద దేశాలదీ ఇదే కథ. 1973 అక్టోబరులో చమురు సంక్షోభం మొదలైనప్పుడు జపాన్ వాణిజ్య, పరిశ్రమల మంత్రి నకసోనే కాగితాన్ని పొదుపుగా వాడమని ప్రజలను కోరారు. కొద్ది రోజులకే ఒసాకా దగ్గరి సెన్రి అనే కొత్త పట్టణంలో టాయిలెట్ పేపరు కోసం జనం బారులు తీరారు. అక్కడి నుంచి దేశమంతా పాకింది. కాగితం ఉత్పత్తి మాత్రం అప్పటికి తగ్గలేదు. ఆ డిసెంబరులోనే అమెరికాలో జానీ కార్సన్ అనే టీవీ వ్యాఖ్యాత ఇదే వస్తువు మీద ఒక జోకు వేస్తే అక్కడా అరలు ఖాళీ అయ్యాయి. పొదుపు చేయండి అన్న మంత్రి మాటా, నవ్వించబోయిన వ్యాఖ్యాత మాటా ఒకే పని చేశాయి. రెండింటిలోనూ ఎంత ఉంది, ఎన్నాళ్లకు వస్తుంది అన్న ముక్క లేదు.

బ్రిటన్‌లో 2021 సెప్టెంబరులో జరిగింది ఇంకా విచిత్రం. పెట్రోలుకు కొరత లేదు, దాన్ని మోసే ట్యాంకర్ల డ్రైవర్లకే కొరత అని ప్రభుత్వం పదే పదే చెప్పింది. అక్షరం పొల్లు పోకుండా నిజం. బంకులు ఎండిపోయాయి, అక్టోబరులో సైనికుల చేత ట్యాంకర్లు నడిపించవలసి వచ్చింది. శుద్ధి కర్మాగారంలో ఉన్న పెట్రోలుతో బండి నడవదు కదా. మా దగ్గర ఈసీజీ మిషను వెనక ఉన్న సెలైన్ లాంటిదే అది. అదే దేశంలో 2012లో ట్యాంకర్ డ్రైవర్ల సమ్మె జరగవచ్చని అనుమానం వస్తే, ఫ్రాన్సిస్ మోడ్ అనే మంత్రి డబ్బాలలో పెట్రోలు నింపి ఇంటి గ్యారేజీలో పెట్టుకోమని సలహా ఇచ్చారు. జనం ఎగబడ్డారు. సమ్మె అసలు జరగనే లేదు.

ఇక్కడ మన భాష గురించి ఒక మాట అనకుండా ఉండలేను. తెలుగు వార్తల్లో కొరత అనే మాటకు తగిలించే క్రియలు ఎప్పుడైనా గమనించారా? కొరత ఏర్పడుతుంది, తలెత్తుతుంది, నెలకొంటుంది. ముదిరితే వెంటాడుతుంది, వేధిస్తుంది, పీడిస్తుంది. సరిగ్గా దయ్యానికి వాడే క్రియలే. ‘ఫలానావాడు సకాలంలో ఆర్డరు పెట్టలేదు’ అనే వాక్యం మాత్రం ఎక్కడా కనిపించదు. నీళ్లయితే ఎద్దడి, కరెంటయితే కటకట, వానయితే లోటు. ఇన్ని అందమైన పేర్లు పెట్టుకున్నాం, ఒక్క దానికీ కర్త లేడు. ఇక ‘కృత్రిమ కొరత’ అని ఒకటుంది, అది వింటే నాకు ఒళ్లు మండుతుంది. మిగతా కొరతలన్నీ సహజంగా చెట్టుకు కాస్తున్నట్టు!

వీటన్నిటికీ తల్లి లాంటి మాట ‘నిండుకుంది’. అయిపోయింది అనడం అశుభమని, ఖాళీ అయినదాన్ని నిండింది అనడం మనకు అలవాటు. మందుల నిల్వలు నిండుకున్నాయి అని పత్రికలు కూడా రాస్తాయి. ఈ భాష పుట్టుకతో రానివాళ్లు ఆ శీర్షిక చదివితే గోదాము కిటకిటలాడుతోందనుకుంటారు. ఇంట్లో అనుకునేటప్పుడు ముచ్చటగానే ఉంటుంది. ఆపరేషన్ బల్ల మీద మనిషి పడుకుని ఉన్నప్పుడు ‘నిండుకుంది సార్’ అంటే ఎలా ఉంటుందో నేను విన్నాను. అన్నది నేనే.

ఈ జబ్బు మనదొక్కరిదే కాదులెండి. సోవియట్ కాలంలో రష్యన్లు వస్తువును కొన్నాం అనేవారు కాదు, సంపాదించాం అనేవారు. క్యూ కనబడితే ‘ఏం అమ్ముతున్నారు’ అని కాక ‘ఏం ఇస్తున్నారు’ అని అడిగేవారు. డబ్బు ఇచ్చి కొనుక్కునేదాన్ని ఇవ్వడం అంటున్నామంటే, ఆ వస్తువుకూ మనకూ మధ్య ఒక దాత వెలిశాడన్నమాట. స్టోరులో నేనూ కొన్నాళ్లు అలాంటి దాతనే. ఎంబీబీఎస్ చదివినవాళ్లు వచ్చి “రెండు ఇప్పించండి మేడమ్” అని చేతులు కట్టుకుని నిలబడేవారు. నిజం చెప్పొద్దూ, మొదటి రెండు రోజులు నాకు బాగానే ఉండేది.

సరే, పైవాళ్లు ఎందుకు ఒప్పుకోరు? జనం భయపడతారని చెబుతారు. అది పైకి చెప్పే కారణం. ఒప్పుకుంటే చేయవలసినవి ఉంటాయి, అదీ అసలు సంగతి. 1943లో బెంగాల్‌లో లక్షల మంది చనిపోతున్నా ప్రభుత్వం అధికారికంగా కరువు అని ప్రకటించలేదు. అప్పటికే కరువు నియమావళి ఉంది. ఆ మాట అంటే దాని ప్రకారం సహాయ పనులు పెట్టాలి, ఆదుకోవాలి. అనకపోతే ఏమీ లేదు. ఆ ఏడాది బెంగాల్‌లో ఉన్న ధాన్యం 1941లో ఉన్నదానికంటే తక్కువేమీ కాదని అమర్త్య సేన్ తరువాత లెక్కలు తీసి చూపించారు. ధాన్యం ఉంది, దాన్ని కొనగలిగే శక్తి కూలివాళ్లకు లేకపోయింది.

ఆసుపత్రి కాగితాల మధ్య బతికినదాన్ని కాబట్టి ఇంకొకటి కూడా చెబుతాను. 2021 జులై 20న రాజ్యసభలో కేంద్ర ప్రభుత్వం ఇచ్చిన సమాధానం మీకు గుర్తుండే ఉంటుంది. కోవిడ్ రెండో వేవ్‌లో ఆక్సిజన్ కొరత వల్ల మరణాలు జరిగినట్టు రాష్ట్రాలు, కేంద్రపాలిత ప్రాంతాలు ప్రత్యేకంగా నివేదించలేదు అన్నది దాని సారం. చాలామంది అబద్ధం అని మండిపడ్డారు. నాకు మాత్రం అది అబద్ధంలా అనిపించలేదు, అంతకంటే చేదుగా అనిపించింది. మరణానికి కారణం రాసే చోట డాక్టరు ‘శ్వాసకోశ వైఫల్యం’ అని రాస్తాడు, ‘గుండె ఆగిపోవడం’ అని రాస్తాడు. ‘సిలిండరు రాలేదు’ అని రాయడానికి ఏ కాగితం మీదా గడి లేదు. గడి లేనిది నివేదికలోకి రాదు, నివేదికలో లేనిది సభలోకి రాదు. మా స్టోరుకు ఆ మధ్య కొన్న కంప్యూటర్ ప్రోగ్రాములో కూడా ఇంతే. ‘ఉంది’, ‘ఆర్డరులో ఉంది’ అని రెండే గడులు. లేదు అని చెప్పే వీలే లేదు దానికి. అడిగితే, ఆ గడి కావాలంటే పైనుంచి అనుమతి రావాలన్నారు.

ఇక పైవాళ్లు ఒప్పుకున్నా చిక్కే. ఒప్పుకున్న మరుక్షణం మనకు నీతులు మొదలవుతాయి. 1974 జనవరిలో బ్రిటన్‌లో కరెంటు కొరత వచ్చి పరిశ్రమలకు వారానికి మూడే రోజులు విద్యుత్తు ఇస్తున్నప్పుడు, ప్యాట్రిక్ జెన్‌కిన్ అనే మంత్రి పళ్లు చీకట్లో తోముకోమని ప్రజలకు హితవు చెప్పారు. పత్రికలవాళ్లు ఆయన ఇంటికి వెళ్లి, దీపాలు వెలుగుతున్న కిటికీల ఫోటో తీసి వేశారు. 1977 ఫిబ్రవరిలో అమెరికా అధ్యక్షుడు కార్టర్ స్వెటర్ వేసుకుని టీవీలో కూర్చుని, ఇంట్లో హీటరు పగలు 65 ఫారన్‌హీట్ డిగ్రీలకు, రాత్రి 55కు తగ్గించుకోమన్నారు. ఆ స్వెటరును ఎంత ఎగతాళి చేశారో! నేను మాత్రం ఆయన పక్షమే. ఎంత తగ్గించాలో అంకె చెప్పాడు, తానూ స్వెటర్ వేసుకున్నాడు.

దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్ వాళ్లు ఇంకా గట్టిగా చేశారు. 2017, 2018లలో ఆనకట్టలు ఎండిపోతుంటే, కుళాయిలు కట్టేసే రోజుకు ‘డే జీరో’ అని పేరు పెట్టి తేదీ ప్రకటించారు. 2018 ఫిబ్రవరి 1 నుంచి మనిషికి రోజుకు 50 లీటర్లు, ఆ రోజే గనక వస్తే వరుసలో నిలబడి తీసుకోవలసింది 25 లీటర్లు. జనం వాడకం తగ్గించారు, తేదీ వాయిదా పడుతూ పోయింది, చివరికి వానలు పడ్డాయి, ఆ రోజు రానే లేదు. ప్రజలను భయపెట్టారని తిట్టినవాళ్లున్నారు. ఇంట్లో కుళాయే లేని పేటలవాళ్లకు రోజూ డే జీరోయే కదా అన్నవాళ్లూ ఉన్నారు, వాళ్ల మాటకు నా దగ్గర జవాబు లేదు. భయపెట్టారన్న వాళ్లకు మాత్రం ఉంది. భయం ఎలాగూ పుడుతుంది. దాని చేతికి ఒక అంకె ఇస్తే అది కూర్చుని లెక్క వేసుకుంటుంది, ఇవ్వకపోతే ఇండెంటు రెండింతలు రాస్తుంది.

మా కథకు వస్తాను. మర్నాడు పొద్దున్నే సూపరింటెండెంటు గారి గదికి వెళ్లి, నోటీసు తీసేసి బోర్డు పెడతానన్నాను. ఆయన తల ఎత్తకుండా “నాకు తెలియదు” అన్నారు. తెలియదు అంటే కానివ్వమని, తేడా వస్తే తనకు తెలియదని. నర్సింగ్ పిల్లలకు పాఠాలు చెప్పే నల్లబల్ల ఒకటి తెచ్చి స్టోరు ముందు ఆనించి సుద్దముక్కతో రాశాను. ఆసుపత్రి మొత్తంలో ఉన్నవి: 1,113. నిన్న వాడినవి: 109. ఇలాగే వాడితే వచ్చేది: 10 రోజులు. లారీ ఎప్పుడు వస్తుందో తెలియదు. ఆర్డరు ఫైలు సంతకం కోసం పదహారు రోజులు ఆగింది.

పదకొండు గంటలకు సూపరింటెండెంటు గారు రౌండ్లకు వెళుతూ బోర్డు ముందు ఆగారు. మొత్తం చదివారు. జేబురుమాలు తీసి చివరి వాక్యం ఒక్కటి తుడిచేసి వెళ్లిపోయారు. మిగతాది ముట్టుకోలేదు.

అంతే, మూడో రోజుకల్లా సీసాలు వెనక్కి రావడం మొదలైంది. ప్రసూతి వార్డు నర్సు తన ‘కుర్చీ’ని తానే మోసుకొచ్చింది. తొందరలేని ఆపరేషన్లు వాయిదా వేశారు. నోటితో తాగగలిగిన రోగులకు తాగించడం మొదలుపెట్టారు. వాడకం రోజుకు 75కు దిగింది. 2024 సెప్టెంబరులో అమెరికాలో హెలీన్ తుపాను నార్త్ కరోలినాలోని ఒక సెలైన్ కర్మాగారాన్ని ముంచేసింది. ఆ దేశంలో వాడే సెలైన్ లాంటి ద్రవాల్లో దాదాపు 60 శాతం అక్కడే తయారయ్యేవి. అక్కడి ఆసుపత్రులు కూడా ఇవే పనులు చేశాయని చదివి, ఆ రోజు నేను కొంచెం గర్వపడ్డాను.

మరి ఆ పద్దెనిమిది? పిల్లల వార్డులో, ఉతికిన దుప్పట్ల బీరువాలో, దుప్పట్ల మడతల మధ్య ఉన్నాయి. నాలుగో రోజు తెలిసింది. తిరిగి ఇమ్మని వెళితే ఆ వార్డు సిస్టర్ బీరువా తలుపుకు ఆనుకుని నిలబడింది. నాకంటే పెద్దావిడ. “మీ బోర్డు మీ దగ్గరే ఉంచుకోండి మేడమ్. పసిబిడ్డకు నరం దొరకడమే గంట పడుతుంది. దొరికాక సీసా కోసం పరుగెత్తమంటారా?” అంది. అందరి ముందూ చాలా మాటలు అన్నాను. వార్డులోనే ఒకరు ఇలా దాస్తే మిగతావాళ్లు ఎందుకు ఇస్తారని అడిగాను. ఆవిడ కదలలేదు. చివరికి ఆ పద్దెనిమిదిని లెక్కలోంచి వదిలేసి వచ్చాను.

పదమూడో రోజు బోర్డు మీద 63 ఉంది. ఆ అరవై మూడూ ఆపరేషన్ థియేటర్‌లో, క్యాజువాలిటీలో తాళం కింద ఉన్నాయి, సూపరింటెండెంటు అనుమతి లేనిదే తీయకూడదని మేమే నియమం పెట్టుకున్నాం. ఆ రాత్రి రెండున్నరకు వాంతులు, విరేచనాలతో ఇద్దరు పిల్లలను తీసుకొచ్చారు. డ్యూటీ డాక్టరు అనుమతి కోసం ఫోను చేస్తే, ఎప్పుడు పిలిచినా పలికే ఆయన ఫోను ఆ ఒక్క రాత్రి మోగి మోగి ఆగిపోయింది. సిస్టర్ దుప్పట్ల బీరువా తెరిచింది. లారీ మర్నాడు మధ్యాహ్నానికి గానీ రాలేదు.

ఉదయం నేను వెళ్లేసరికి పిల్లలిద్దరూ నిద్రపోతున్నారు. సిస్టర్ నన్ను చూసి ఏమీ అనలేదు, వాడిన నాలుగు సీసాలకు చీటీ రాసి చేతిలో పెట్టింది. బోర్డు దగ్గరికి వచ్చి సుద్దముక్క తీసుకున్నాను. ఆ నాలుగింటిని దేనిలోంచి తీసేయాలి? నా లెక్కలో అవి లేనే లేవు.